శకుంతలోపాఖ్యానమున సూనృతశబ్దము

దంపతుల నడుమ సత్య మెంత యుండవలెను, ప్రియ మెంత యుండవలెను అను ప్రశ్నకు ధర్మశాస్త్రములలోఁ గంటెఁ గావ్యములలోనే నిజమైన పరీక్ష కానవచ్చును. ఆంధ్రమహాభారతమున ఆదిపర్వములోని శకుంతలోపాఖ్యానము అట్టి పరీక్షాస్థలము. రాజరాజనరేంద్రుని (1022–1061) ఆస్థానమున నన్నయభట్టారకుఁడు దీనిని దెనిఁగించుచు మూలమునందలి యొక్క మాటను మార్చెను. మార్పు చిన్నది, పర్యాయపదమే కదా యని చదువరులు పెక్కండ్రు దానిని దాఁటిపోవుదురు.

కథ యెల్ల రెఱిఁగినదే. కణ్వాశ్రమమున గాంధర్వవిధిచేఁ బరిణీతయైన శకుంతల కొడుకును వెంటఁగొని రాజసభకు వచ్చును. దుష్యంతుఁ డామె నెఱుఁగును. ఎఱిఁగియు నెఱుఁగనని పలుకును. అప్పు డామె నూతులకంటె బావియు, బావులకంటెఁ గ్రతువును, గ్రతువులకంటెఁ బుత్రుఁడును మేలని వరుసగాఁ జెప్పి, పుత్రులు నూర్గురకంటెను మేలైనది యొకటి కలదని ముగించును. మూలమున నా చోటఁ గల పదము ‘సత్యము’. నన్నయ ప్రయోగించినది ‘సూనృతవాక్యము’.

సూనృతశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుటలో దీర్ఘమునకును నకారమునకును సమాధానము కుదుర్చుట కష్టము. ఋగ్వేదమున నుషస్సుతోఁ గూడి వచ్చు స్త్రీలింగ ‘సూనృతా’శబ్దపు వ్యాప్తియు వేఱు. ఆ చర్చతో నిటఁ బనిలేదు. లౌకికసంస్కృతమున దీని యర్థము నమరసింహుఁడు నిర్ణయించియే యున్నాఁడు: ప్రియమును సత్యమును నగు వాక్కు సూనృతము. రెంటిలో నేది లోపించినను నా పేరు చెల్లదు. మనువు సత్యమైనను నప్రియమైనచోఁ బలుకఁదగదనియు, ప్రియమైనను ననృతమైనచోఁ బలుకఁదగదనియు విధించెను. ఈ రెండు నిషేధముల నడుమ మిగిలిన త్రోవయే సూనృతము. త్రోవ యిఱుకైనది. సభలో నిలిచిన శకుంతలకు మఱియు నిఱుకు. ఆమె చెప్పవలసిన సత్యము భర్తకుఁ బ్రియము కాఁజాలదు. చెప్పకున్నఁ గొడుకునకుఁ దండ్రి లేఁడు.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. పద్యము చంపకమాల. నాల్గవపాదమున మొదటి యక్షరము సుకారము. పదునొకండవ యక్షరమున దానికి వళి కుదురవలెను. సకారము సమానమైనను స్వరమైత్రి లేమిచే ‘సత్య’పద మక్కడ నిలువదు. కావున వళికొఱకే ‘సూనృత’పదము వచ్చినదనియు, నందు విశేషార్థము వెదకుట వ్యర్థమనియు ననవచ్చును. ఈ వాదము బలమైనదే. కాని మొదటిపాదము చివరనే శకుంతల భర్తను ‘సూనృతవ్రత’ యని పిలిచినది. అక్కడ వళినిర్బంధము లేదు. ‘సత్యసువ్రత’ యన్నను గణము సరిపోవును, బ్రాసయు నిలుచును. అట్లుండియుఁ గవి యా మాటనే యెన్నుకొనెను. కావున నాల్గవపాదమునఁ గనఁబడుట మొదట వేసిన బీజము మొలచుటయే కాని వళి తెచ్చిన యతిథి కాదు.

మఱియొక యాక్షేపము. తరువాతి పద్యముననే వేయి యశ్వమేధములను ఒకవైపునను, సత్యమును ఒకవైపునను నుంచి తూఁచుచు నన్నయ ‘సత్య’శబ్దమునే వాడినాఁడు. కావున నా రెండును నాతనికి సమానార్థకములే యనవచ్చునా? అనరాదు. త్రాసున నిడినది లోకమునకెల్ల సామాన్యమగు ధర్మము. అది వాక్కునకును వస్తుస్థితికిని గూడఁ జెల్లును. సూనృత మట్లు కాదు. అది యొకరు వేఱొకరితోఁ బలుకు పలుకు. వినువాఁడు లేనిదే ప్రియ మనుమాట పుట్టదు. యాగములతోఁ దూఁగునపుడు సత్యము, మగనితో మాటాడునపుడు సూనృతము: ఈ విభాగము వైయాకరణులు మెచ్చఁదగినది.

బొంకుచున్నవానిని సూనృతవ్రతుఁడని పిలుచుట విపరీతలక్షణ యని కొందఱకుఁ దోఁపవచ్చును. ఆమె తక్కిన సంబోధనములును గలిపి చూచిన నట్లు తోఁపదు. విమలయశోనిధి యనును, ఉర్వీనాథ యనును. ఆతని బొంకును బొంకనక విపరీతప్రతిభాష లనును. బిడ్డను గౌఁగిలించి చూడు మని, కప్పురముకంటెను వెన్నెలకంటెను జల్లనైన పుత్రగాత్రస్పర్శను వర్ణించును. సాక్షులుగా వేదములను బంచభూతములను బేర్కొనునప్పుడు మాత్రము సత్యమునఁ దఱుఁగు లేదు. పురుషుని నడవడి నవి యెఱుఁగుచునే యుండునని సూటిగాఁ జెప్పును. ఎగతాళి చేయు స్త్రీ బిడ్డను గౌఁగిలింపు మని వేఁడదు. ఆతఁడు మఱచినట్లు నటించుచున్న యాతని మంచిపేరునే యామె తిరిగి యాతని చేతికిచ్చుచున్నది.

సంస్కృతమూలమున శకుంతల యింత మెత్తనిది కాదు. ఆవగింజంత పరదోషమును గని మారేడంత స్వదోషమును గానవని రాజును నిందించును. మంచిచెడ్డలు విని చెడ్డనే గ్రహించు మూర్ఖుని మలము నేఱుకొను సూకరముతోఁ బోల్చును. ఆ కోపము న్యాయమైనదే. అవమానించినవాఁడు తానే, యామె తల్లియగు మేనకను సైతము దూషించినవాఁడు తానే. విచిత్రమేమనఁగా, యశరీరవాణి సత్యమును జాటిన పిదప దుష్యంతుఁడు శకుంతలతో, కోపమున నీవు పలికిన యప్రియమును క్షమించితి ననును! తన యనృతమునకు క్షమ వేఁడిన మాట 1933లో వెలువడిన పూనా పరిష్కృతాదిపర్వపు మూలపాఠమున లేదు. దక్షిణదేశపుఁ బ్రతులు కొన్నింట మాత్రము, నా దుర్వాక్యమును నీవును క్షమింపవలయు నను శ్లోకము చేరియున్నది. ఎవఁడో లేఖకుఁ డీ కొఱఁతను సహింపలేకపోయెను కాఁబోలు.

కాళిదాసుఁడును సహింపలేదు. ఆతఁడు దుర్వాసశ్శాపమును గల్పించి రాజును నిజముగనే మఱపించెను. దానితో భర్త యనృతదోషమునుండి తప్పుకొనెను. కాని యెఱిఁగి బొంకిన భర్తతో భార్య యెట్లు మాటాడవలె నను ప్రశ్నయు నాటకమునుండి తప్పుకొన్నది. ఏడవయంకమున రాజు పాదములపైఁ బడును. ఆమె నేరమును దన పూర్వకర్మముమీఁదఁ ద్రోయును. ఉంగరము నిచ్చినపుడు మాత్రము, దీనిని నమ్మను, ఆర్యపుత్రుఁడే ధరించుఁగాక యనును. నాటకమంతటను గొప్పమాట లిట్టి చిన్నవే.

నన్నయకథలో నుంగరము లేదు, శాపము లేదు. తానును నా యింతియును దక్క నన్యులెఱుఁగని వివాహ మగుటయు, లోకాపవాదభయమును దుష్యంతుఁడు చెప్పుకొను కారణములు. శకుంతల కోరిన సూనృతవాక్యమును సభలో మొదటఁ బలికినది యాకాశవాణి. భర్త తరువాతఁ బలికెను.