గాలితో టోపీ

పోచంపల్లిలో రబ్బరుకు పని చెప్పడం కొత్తేమీ కాదు. రంగు అంటకూడని చోట నూలును సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టడం ఇక్కడి చిట్కి నేత పనికి ప్రాణం. అలాంటి ఊళ్లో ఫోన్‌లో వీడియో పెట్టుకుని బెలూన్ టోపీ నేర్చుకోవడం నాకైతే తగిన విద్యగానే తోస్తుంది.

దానికి వాడేవి సన్నటి పొడవాటి బెలూన్లు. పేరు 260. అంటే పూర్తిగా ఊదితే 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు. నోటితో ఊదితే దవడలు లాగేస్తాయి, చేతిపంపు ఉండాల్సిందే. చివర జానెడు ఊదకుండా వదిలేయాలి. మెలి తిప్పినప్పుడల్లా గాలి అటు జరుగుతుంది. చోటు లేకపోతే ఠప్పుమంటుంది. ముడి వేసేముందు కొంచెం గాలి వదిలితే రబ్బరు మెత్తబడి వేళ్లకు లొంగుతుంది. పిల్ల తల చుట్టూ కొలిచి, కలిసిన చోట రెండు మూడు చుట్లు మెలేస్తే పట్టీ తయారు. మిగిలిన తోక పైకి నిలబెడితే అదే కుచ్చు.

1824లో లండన్‌లో మైకేల్ ఫారడే తొలి రబ్బరు బెలూన్లు చేసింది హైడ్రోజన్ ప్రయోగాల కోసం. అవి పుట్టినరోజు పిల్లల నెత్తికెక్కుతాయని ఆయన అనుకుని ఉండడు!

వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, వందసార్లు చూడొచ్చు. ఎంత బిగించాలో మాత్రం వేళ్లే నేర్చుకోవాలి. పగిలిన ముక్కలు పసివాళ్ల నోట్లో పడకుండా ఏరేయడం కూడా ఈ పనిలో భాగమే. అది తెలిసినవాడే నిజమైన పనివాడు.