వెలిగొండకు పెట్టిన పేరు

పూల సుబ్బయ్యా! నల్లమల మబ్బుల్ని అడ్డగించి ఎండను మాత్రం మాకు వదిలే పడమటి ప్రకాశం నుంచి పిలుస్తున్నాం. దేశంలోని పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకల్ని కోసిచ్చిన మార్కాపురం పిలుస్తోంది. బోరు ఎంత లోతుకు దింపినా ఫ్లోరైడు తప్ప తీపినీరు తగలని పల్లెలు పిలుస్తున్నాయి. కొండకు అవతల శ్రీశైలంలో కృష్ణమ్మ నిండుగా ఉంటుంది. ఇవతల ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరుతాయి.

గిద్దలూరు తోవలో కంభం చెరువును చూస్తే నువ్వే గుర్తొస్తావు. గుండ్లకమ్మకు ఆ కట్ట వేయించింది రాణి వరదరాజమ్మ అంటారు. రాణికి ఖజానా ఉంది. నీకున్నదల్లా కంకీ కొడవలి గుర్తు మీద జనం శాసనసభలో ఇచ్చిన ఒక్క కుర్చీ, అదీ ప్రతిపక్షపు వరసలో. 1970 దాకా కర్నూలు జిల్లాకు చివర, ఆ తర్వాత ఒంగోలుకు చివర! ఎటు చూసినా చివరనే ఉండిపోయిన సీమకు కృష్ణ నీళ్లు కావాలన్నావు. ఎదురుగా ఉన్నది వెలిగొండ.

1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కొల్లంవాగు నుంచి కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లు. పైన పులుల అడవి కనుక పేలుళ్లు కూడదు. యంత్రం రాతిని కొరుక్కుంటూ పోవాలి. 43.5 టీఎంసీల వరద నీరు, నాలుగున్నర లక్షల ఎకరాలు అన్నారు. ఆ పథకానికి నీ పేరు పెట్టారు. విగ్రహమైతే దండ వేసి మరిచిపోయేవారు. ఇప్పుడు ఏ పార్టీ గద్దెనెక్కినా బడ్జెట్‌లో ఒక కమ్యూనిస్టు పేరు చదవాల్సిందే, పని ఎంత మిగిలిందో చెప్పాల్సిందే. నాకు భలే నచ్చే శిక్ష ఇది!

2024 మార్చిలో సొరంగాలు రెండూ పూర్తయ్యాయని జాతికి అంకితం చేశారు. అప్పటికీ నీళ్లు పారలేదు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులు మూసి నల్లమల సాగర్ కట్టారు కదా, ఆ జలాశయంలో మునిగే ఊళ్లవాళ్లు పరిహారం కోసం ఆఫీసుల మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నారు. నువ్వు ఇప్పుడు సభలో ఉంటే గేట్లు ఎప్పుడెత్తుతారని తర్వాత అడుగు సుబ్బయ్యా. ముందు వాళ్ల డబ్బు సంగతి తేల్చమను.