గైడు జాబితాలు – ఇంగ్లీషు క్రియ ఇరుగుపొరుగు

డిగ్రీ ఇంగ్లీషు పేపరుకు చదువుతున్న మీ దగ్గర ఒక గైడు ఉండే ఉంటుంది. అందులో ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అనే శీర్షిక కింద రెండు నిలువు వరసలు కనిపిస్తాయి. ఎడమవైపు గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్. కుడివైపు మానివేయు, వాయిదా వేయు, బాగోగులు చూచు. ఈ పాఠంలో ఆ జాబితాను విమర్శించదలచాను. అందులోని అర్థాలు చాలావరకు సరైనవే. కాని క్రియ పక్కన ఏది నిలబడాలో, ఏది నిలబడకూడదో జాబితా చెప్పదు. మీ వాక్యం దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

మొదట మన మాట నుంచే బయలుదేరుదాం. నిజాంసాగర్ కాలువ కింద, బోర్ల కింద వరి పండించే బాన్సువాడ ప్రాంతంలో ‘మోటరు బంద్ చెయ్యి’ అనే మాట రోజూ వినబడుతుంది. ‘మోటరు ఆఫ్ చెయ్యి’ అని కూడా అంటారు. పరభాషా పదాన్ని తెచ్చుకొని దాని వెనుక ‘చెయ్యి’ తగిలిస్తే తెలుగులో క్రియ తయారవుతుంది: షురూ చెయ్యి, మాఫ్ చెయ్యి, స్టార్ట్ చెయ్యి, కట్ చెయ్యి. అర్థభారమంతా మొదటి పదానిదే. ‘చెయ్యి’ కేవలం ప్రత్యయాలు మోసే బండి. ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చినప్పుడు విద్యార్థి ఆ బండిని వదిలేసి మొదటి పదాన్ని మాత్రం వాడుకుంటాడు. ‘స్టార్ట్ చెయ్యి’ కాస్తా ‘స్టార్ట్ ద మోటర్’ అవుతుంది. అది సరైన వాక్యమే. ‘కట్ చెయ్యి’కి కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. అదే సూత్రాన్ని ‘ఆఫ్ చెయ్యి’కి వర్తింపజేస్తే ‘ఆఫ్ ద మోటర్’ అని వస్తుంది. ఇంటర్వ్యూలో ఎదుటివారు నవ్వేది ఇక్కడే. నవ్వినవారు గమనించనిది ఏమంటే, ఆ విద్యార్థి అజాగ్రత్తగా మాట్లాడలేదు. పదిసార్లు నెగ్గిన సూత్రాన్ని పదకొండోసారి వాడాడు. ఇంగ్లీషులో ‘ఆఫ్’ మామూలుగా క్రియ కాదు, క్రియకు తోడు నిలిచే క్రియావిశేషణం. ‘టర్న్’ లేదా ‘స్విచ్’ దాని ముందు ఉండాలి. గైడు ‘టర్న్ ఆఫ్ = ఆపివేయు’ అని మాత్రమే రాస్తుంది. ‘ఆఫ్ చెయ్యి’ అనే మన నిర్మాణమే అడ్డు తగులుతోందని ఒక్క మాట రాయదు.

ఇక కర్మ స్థానం సంగతి చూడండి. ‘టర్న్ ఆఫ్ ద మోటర్’ అనవచ్చు, ‘టర్న్ ద మోటర్ ఆఫ్’ అని కూడా అనవచ్చు. కాని నామవాచకం బదులు సర్వనామం వాడితే ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే సాధ్యం. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. నామపదబంధం బాగా పొడవైతే మాత్రం దాన్ని చివరికి నెట్టడమే మేలు. ఇప్పుడు గైడు జాబితాకు తిరిగి రండి. పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్ అందులో ఒకే కుటుంబంలా పక్కపక్కన ఉన్నాయి. అయినా ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనాలి. ‘లుక్ ఇట్ ఆఫ్టర్’ అనకూడదు. పుట్ ఆఫ్‌లోని ‘ఆఫ్’ క్రియకు చెందినది, లుక్ ఆఫ్టర్‌లోని ‘ఆఫ్టర్’ తర్వాత వచ్చే నామపదాన్ని పట్టుకొని ఉండే ప్రిపొజిషన్. వేర్వేరు స్వభావాల మాటలను ఒకే గూటిలో పెట్టి వాటి తేడాను చెప్పకపోవడం చిన్న లోపం కాదు.

పరదేశీయులకు ఈ కలయికలు కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. కాని విద్యార్థికి నిజంగా పనికివచ్చే అడుగు వేసినవాడు, నా దృష్టిలో, ఎ.ఎస్. హార్న్‌బీ. జపానులో ఇంగ్లీషు బోధించిన అనుభవంతో ఆయన కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. అదే తర్వాత ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి నిఘంటువు అయింది. ప్రతి క్రియకు అర్థంతో పాటు అది ఏ నిర్మాణంలో ఇముడుతుందో 25 క్రియా నమూనాల సంఖ్యలతో ఆయన సూచించాడు. ఆ సంఖ్యలు గుర్తుపెట్టుకోవడం శిక్షలాంటిదే, ఒప్పుకుంటాను. అయినా అర్థం తెలిసినంత మాత్రాన క్రియ తెలిసినట్టు కాదన్న ఆయన పట్టు సరైనది. మన గైడ్లు ఆ పట్టు వదిలేసి అర్థాల జాబితా మాత్రం ఉంచుకున్నాయి.

హార్న్‌బీ చేయలేని పని ఒకటుంది. తెలుగు విభక్తులు ఆయన ముందు లేవు. మనకు తప్పులు తెచ్చిపెట్టేవి చాలావరకు అవే. ‘హైదరాబాదుకు చేరాను’లోని ‘కు’ వల్ల ‘రీచ్డ్ టు హైదరాబాద్’ అంటాం. ‘గదిలోకి’ వల్ల ‘ఎంటర్డ్ ఇంటు ద రూమ్’ అనీ, ‘గురించి చర్చించారు’ వల్ల ‘డిస్కస్డ్ ఎబౌట్’ అనీ రాస్తాం. ఈ మూడు క్రియలూ నామపదబంధాన్ని నేరుగా తీసుకుంటాయి. (ఒప్పందం విషయంలో మాత్రం ‘ఎంటర్ ఇంటు’ సరైనదే. ఇంగ్లీషు పూర్తిగా మనవైపు ఎప్పుడూ ఉండదు.) దీనికి ఎదురు ఉదాహరణ: ‘పాటలు వింటాను’లో ఏ విభక్తీ కనబడదు కనుక ‘ఐ లిజన్ సాంగ్స్’ అంటాం, అక్కడ ‘టు’ తప్పనిసరి.

క్రియావిశేషణం విషయం క్లుప్తంగా చెబుతాను. ‘నేను ఇంగ్లీషు బాగా మాట్లాడతాను’లో ‘బాగా’ క్రియకు ఆనుకొని ఉంది. అదే అలవాటుతో ‘ఐ స్పీక్ వెల్ ఇంగ్లీష్’ అంటే చెల్లదు. ఇంగ్లీషు క్రియ తన కర్మను పక్కనే ఉంచుకుంటుంది, ‘వెల్’ కర్మ తర్వాత రావాలి. క్రియకూ కర్మకూ మధ్య సులువుగా చొరబడగలిగినవి ‘ఆఫ్’, ‘అప్’ వంటి పొట్టి మాటలే. అందుకే వాటిని ప్రత్యేకంగా చదవాలి.

ఈ పొట్టి మాటలు మనకు అంత పరాయివి కావు. ‘తిను’కూ ‘తినెయ్యి’కీ తేడా మీకు ఎవరూ నేర్పలేదు. ‘ఈట్’కూ ‘ఈట్ అప్’కూ దాదాపు అదే తేడా. డ్రింక్ అప్, యూజ్ అప్ – తాగెయ్యి, వాడెయ్యి. పని పూర్తిగా ముగిసిందన్న సూచనను మన ‘వేయు’, వారి ‘అప్’ చాలాచోట్ల ఒకే తీరులో మోస్తాయి. అర్థం దారి తప్పడంలోనూ పోలిక ఉంది. ‘కొట్టేశాడు’ అంటే ఒక్కోసారి దొంగిలించాడని అర్థం, దెబ్బతో సంబంధం లేదు. ‘చేతులెత్తేశాడు’ అనడానికి చేతులు ఎత్తనక్కరలేదు. ‘గివ్ అప్’లో ఇవ్వడం ఎక్కడుందని అడిగే విద్యార్థికి ముందు ఈ రెండు మాటలూ చూపించాలి.

మీ నోటుపుస్తకంలో ‘పుట్ ఆఫ్’ పక్కన తెలుగు అర్థం రాసి ఊరుకోకండి. ‘ద మీటింగ్’తో రెండు వాక్యాలు, ‘ఇట్’తో ఒక వాక్యం రాయండి. ‘రీచ్’ ఎదుట ‘కు’ రాసి కొట్టివేయండి. ‘లిజన్’ తర్వాత ‘టు’ను ఎర్ర సిరాతో రాయండి. ఇలా రోజుకు నాలుగు క్రియలకు మించి సాగదు. గైడులో ఒక్క పేజీలోనే నలభై ఉంటాయి. ఆ నలభైని వదిలేసినా నష్టం లేదు.