వెతికితే దొరకాలి

ఫ్రీలాన్స్‌గా రాయడం మొదలుపెట్టిన పిల్లలు కలిసినప్పుడల్లా ఏ యాప్ వాడమంటారని అడుగుతారు. నేను ముందుగా వాళ్లను ఒక మాట అడుగుతాను: మూడేళ్ల కిందట మీరు రాసిన వ్యాసంలోంచి ఒక ఊరి పేరు కావాలంటే ఇప్పుడు ఎంతసేపట్లో తీయగలరు? జీతానికి రాసేవాళ్లకు ఆఫీసులో లైబ్రరీ ఉంటుంది, పాత సంచికల బైండ్లు ఉంటాయి, తప్పులు పట్టే సబ్ ఎడిటర్ ఉంటాడు. మనకు అన్నీ కంప్యూటరే. అందులో వెతికితే దొరకని రాత ఉన్నా లేనట్టే.

తెలుగులో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడిచిన అను ఫాంట్లు అచ్చులో కంటికి ఇంపుగా ఉంటాయి. ఫైలు లోపలికి వెళ్లి చూస్తే మాత్రం అక్కడ తెలుగే ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు లిపిని ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, వత్తు ఇంకొకచోట కూర్చిపెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంకాని గుర్తుల వరసలే కనిపిస్తాయి. ‘గోదావరి’ అని కొట్టి వెతికితే ఏమీ రాదు. యూనికోడ్ 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. గుంటూరులో ఫోన్ మీద కొట్టిన ‘క’ డాలస్‌లో ల్యాప్‌టాప్ మీదా ‘క’గానే తెరుచుకుంటుంది.

కాబట్టి నా మొదటి సలహా ఇది. పత్రికవాళ్లు అను ఫైలే కావాలంటే కన్వర్టర్‌తో మార్చి పంపండి, కానీ మీ దగ్గర ఉండే ప్రతి యూనికోడ్‌లోనే ఉండాలి. పాత ఫైళ్లు మార్చుకుంటే ఆ తర్వాత ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవక తప్పదు. కన్వర్టర్లు వత్తుల దగ్గర తడబడతాయి, ముఖ్యంగా సంస్కృత సమాసాలున్న చోట.

యూనికోడ్‌లోనూ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట మీద పొల్లు నిలవాలంటే దాని తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి కొట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ట కింద వ వత్తు చేరిపోతుంది. ఒక వ్యాసంలో ఒకలా, ఇంకో వ్యాసంలో ఇంకోలా కొట్టారనుకోండి, చాలా ప్రోగ్రాముల్లో ఒకటి వెతికితే రెండోది దొరకదు. ఏదో ఒక పద్ధతికి కట్టుబడి ఉండండి.

కీబోర్డు విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను. రోమన్ స్పెల్లింగులో కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి మొదలుపెట్టడానికి మంచిదే. ‘లేఖిని’ పుణ్యాన ఎంతోమంది కంప్యూటర్లో తొలిసారి తెలుగు రాశారు. రాతే జీవనాధారమైతే మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. క ఉన్న మీటనే షిఫ్ట్‌తో నొక్కితే ఖ. విండోస్‌లో అది ముందే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. మొదటి కొన్ని వారాలు చిరాకు పెడుతుంది. ఆ తర్వాత వాక్యం తెలుగులోనే పుట్టి తెలుగులోనే వేళ్లలోకి దిగుతుంది. ఆ సుఖం అనుభవిస్తేగానీ తెలియదు.

2017లో గూగుల్ వాయిస్ టైపింగ్‌కు తెలుగు కలిసింది. నడుస్తూ తట్టిన ఆలోచనను నోట్ చేసుకోవడానికి దానిమీదే ఆధారపడతాను. ఇంటర్వ్యూలకు మాత్రం నమ్మను. పాలమూరు రైతు మాటనో, శ్రీకాకుళం మత్స్యకారుడి యాసనో అది తరచూ పుస్తకాల తెలుగు వైపు లాగేస్తుంది. ఆ మనిషి మాటలో ఉన్న ప్రాణం అక్కడే పోతుంది. రికార్డింగ్ దాచుకుని, చెవితో విని, చేత్తో రాసుకోవాలి. దీనికి దగ్గరిదారి నాకు కనబడలేదు.

వినడం ఇంకో రకంగానూ పనికొస్తుంది. ఎడ్జ్ బ్రౌజర్‌లో మోహన్, శ్రుతి అని రెండు తెలుగు గొంతులున్నాయి. రాసింది వాటితో చదివించుకుంటాను. రాగద్వేషాలు లేని ఆ గొంతులో పొడుగు వాక్యం ఎక్కడ తెగిపోయిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక మాటల దగ్గరికి వస్తే, ఆంధ్రభారతి నిఘంటు శోధన నా కంప్యూటర్లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒక్క పదం కొడితే బ్రౌన్ నుంచి సూర్యరాయాంధ్ర నిఘంటువు దాకా అర్థాలు ఒకే పేజీలో వరసగా వస్తాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. పల్లె గురించి, పంట గురించి రాసేవాళ్లు భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తి పదకోశాన్ని వెతికి పట్టుకోవాలి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. నాగలి భాగాలకు జిల్లా జిల్లాకూ పేర్లు ఎలా మారతాయో చూస్తే, ‘వ్యవసాయ పరికరం’ అని రాయడానికి మనసొప్పదు.

చివరగా డబ్బు. చాలామంది రచయితలు దీన్ని చెప్పుకోవడానికి మొహమాటపడతారు, పడకూడదు. ఒక మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు: రచన పేరు, ఎవరికిచ్చాం, ఎప్పుడు, ఒప్పుకున్న పారితోషికం, అందింది, కోసిన టీడీఎస్, ఏ హక్కులు ఇచ్చాం. ఆఖరి గడి ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తారు. తేదీ రాసిపెట్టుకున్నవాడికే ఆ సెక్షన్ అక్కరకొస్తుంది. పారితోషికం అందని వరసలకు నేను పసుపు రంగు వేసుకుంటాను. ప్రతి నెలా మొదటి వారంలో ఆ వరసల్లోని ఎడిటర్లందరికీ పేరుపేరునా ఒక మర్యాదైన మెయిల్ వెళ్తుంది.