బకెట్టూ ప్రార్థనే

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టేవారు. ప్రార్థన ముగిశాక, జోడించిన ఆ చేతులతోనే పాయిఖానా బకెట్లు మోసుకెళ్లి గుంతలో పోసి మన్ను కప్పేవారు. తర్వాత కూరలు తరగడం, నూలు వడకడం. గాంధీ ఆశ్రమాల్లో రోజు ఇలా నడిచేది. ఇందులో ఏది సాధన, ఏది సంఘసేవ అని విడదీయబోతే కుదరదు. గాంధీ పనితనమంతా అక్కడే ఉంది.

ఆశ్రమవాసులు పాటించాల్సిన ఏకాదశ వ్రతాలు చూడండి. సత్యం, అహింస, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం పతంజలి యోగసూత్రాల్లోని యమాలే. వాటి సరసనే శరీరశ్రమనూ అస్పృశ్యతా నివారణనూ కూర్చోబెట్టారు. మోక్షం కావాలా? ముందు అంటరానితనం వదులు. ఎంత నిక్కచ్చి!

1915లో కొచ్‌రబ్‌లో ఆశ్రమం పెట్టిన కొద్ది నెలలకే దూదాభాయి, దానీబెన్, వాళ్ల పాప లక్ష్మి వచ్చి చేరారు. అంటరానివాళ్లను చేర్చుకున్నారని విరాళాలు ఆగిపోయాయి. బావి దగ్గర తిట్లు. కస్తూర్బాకే మింగుడుపడలేదు. తిట్లు భరించండి, నీళ్లు తోడడం మాత్రం మానకండి అన్నారు గాంధీ. కొన్నాళ్లకు తిట్టేవాడే సిగ్గుపడి ఊరుకున్నాడు. చేతిలో పైసా లేని రోజున మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ కారులో వచ్చి 13,000 రూపాయలిచ్చి వెళ్లిపోయారు.

గాంధీ తర్వాతి ఆశ్రమం సేవాగ్రామ్‌లో కుష్ఠు సోకిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రికి ఆయన స్వయంగా ఒళ్లు మర్దనా చేసేవారు. మన గోరా దేవుణ్ణి నమ్మని మనిషి. ఆయన కూతురికీ ఒక దళిత యువకుడికీ అక్కడే పెళ్లి చేయిస్తానని మాటిచ్చిన గాంధీ, దేవుడి పేరు బదులు సత్యం పేరిట ప్రమాణం చేయించడానికీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఏ మఠం చూపిస్తుంది ఇంత విశాలమైన భక్తి?

ఇప్పుడు ‘ఆశ్రమం’ అన్న మాటకు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. ఏసీ గదులు, రోజుకింతని రుసుము. ధ్యానం చేసేది ఒకరు, వాళ్ల మరుగుదొడ్లు కడిగేది మరొకరు. ఆ కడిగే మనిషి ఎక్కడ తింటున్నాడో అడిగే నాథుడుండడు. ఇంకోవైపు, సభల్లో సమానత్వం గురించి గొంతు చించుకుని, ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెట్టేవాళ్లున్నారు. మొదటిది ఆధ్యాత్మికతకు నకలు, రెండోది న్యాయానికి నకలు. రెండూ ఒక్క రోజు కూడా ఆ బకెట్టు మోయలేవు.

అసలు సరుకు చూడాలంటే దూరం పోనక్కర్లేదు. నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. పొణకా కనకమ్మ స్థలమిచ్చారు, దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య నిలబెట్టారు, 1921 ఏప్రిల్ 7న గాంధీయే వచ్చి ప్రారంభించారు. వెళ్లండి. ఫొటో దిగి వచ్చేయకండి. పిల్లల్నీ తీసుకెళ్లి, ఒక్క పూటైనా అక్కడ చీపురు పట్టండి.