యాభై మందిలో మేళం

డోలు వాయించేవాడికి ఏడాది ఉగాదితోనే మొదలవుతుంది. కొత్త పంచాంగం చేతికి రాగానే మా ఇళ్ళలో ముందు తిరగేసేది ముహూర్తాల పేజీ. వైశాఖంలో ఎన్ని, జ్యేష్ఠంలో ఎన్ని, శ్రావణంలో ఎన్ని, మాఘ ఫాల్గుణాల్లో ఎన్ని అని వేళ్ళ మీద లెక్క చూసుకుంటాం. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, చీటీ వాయిదా అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎటూ ఖాళీ నెలలు. వాటికి మా తాతల కాలం నుంచీ అలవాటు పడ్డవాళ్ళం.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా కరోనా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. వైశాఖం, జ్యేష్ఠం గడప దాటకుండా గడిచిపోయాయి. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది గానీ, పెళ్ళికి 50 మందికి మించకూడదన్న నిబంధన ఉండనే ఉంది. ఆ ఏడు ఆశ్వయుజం అధికమాసం, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ముహూర్తాల్లేవు. కార్తీకంలో, మార్గశిరంలో కాస్త పని తగిలిందనుకునేలోపు 2021 జనవరిలో గురుమూఢం పట్టుకుంది, దాని వెనకే శుక్రమూఢం; రెండింటిలోనూ ముహూర్తాలు పెట్టరు. మే మొదట్లో మూఢం విడిచి, మళ్ళీ పెళ్ళిళ్ళు ఊపందుకుంటాయని వేళ్ళ తొడుగులు సవరించుకుంటుంటే రెండో వేవ్ వచ్చి పడింది. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం నుంచే కర్ఫ్యూ, 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. మిగతా వృత్తులవాళ్ళకి సడలింపు దొరికిన నెలల్లో మాకు ముహూర్తం దొరకలేదు. ముహూర్తం దొరికిన నెలల్లో సడలింపు లేదు. ఏడాదిన్నర పాటు మంగళవాద్యం ఎందుకు పైకి లేవలేకపోయిందో చెప్పాలంటే ప్రభుత్వ ఉత్తర్వులతో పాటు పంచాంగం కూడా ముందు పెట్టుకోవాలి.

2020 శ్రావణంలో వచ్చిన ఫోన్ ఒకటి నా మనసులో ఉండిపోయింది. వేసవిలో వాయిదా పడ్డ పెళ్ళి. పెళ్ళికూతురి తండ్రి మర్యాదస్తుడు, మాట నిలకడగల మనిషి. “మాస్టారూ, యాభై మందికే పర్మిషన్. మా వైపువాళ్ళే ఎంత కుదించినా దాటిపోతున్నారు. మీరు నలుగురూ కూడా లెక్కలోకే వస్తారంట. ఏమీ అనుకోకండి” అన్నారు. ఏమీ అనుకోలేదు. ఆయన స్థానంలో ఉంటే మేనత్తని మానెయ్యమనడానికి నాకూ నోరు రాదు. కానీ ఫోన్ పెట్టేశాక ఒక మాట మాత్రం తొలిచింది. ఆ 50 మందిలో పురోహితుడు కూడా ఉన్నారు. ఆయన్ని తీసేద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మేళాన్ని తీసేద్దామన్న ఆలోచన మాత్రం అందరికీ వచ్చింది.

చాలా ఇళ్ళలో మా బదులు ఫోన్‌లో రికార్డు పెట్టి స్పీకర్‌కి తగిలించారు. ముహూర్తానికి చెవిన ఏదో ఒక మేళం పడితే చాలుననుకున్నారు. అక్కడే మా పనేమిటో చెప్పాలనిపిస్తుంది. పెళ్ళిలో డోలు వాయించేవాడు పురోహితుడి చెయ్యి కనబడే చోటు చూసుకుని కూర్చుంటాడు. చేతులు వాయిస్తున్నా చూపు మండపం మీదే ఉంటుంది. తెర వెనక వధూవరుల చేతుల్లోకి జీలకర్ర బెల్లం వచ్చిందా, మంగళసూత్రం ఇంకా పెద్దల చేతుల మీదుగా తిరుగుతోందా, తలంబ్రాల పళ్ళెం దగ్గరకొచ్చిందా అని కనిపెట్టుకునే ఉండాలి. పురోహితుడు చెయ్యెత్తిన క్షణంలో గట్టిమేళం అందుకోవాలి. ఒక లిప్త ముందైనా తప్పే, వెనకైనా తప్పే. ఆ వేళ తుమ్ము గానీ, ఏడుపు గానీ, కానిమాట గానీ వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటది. అప్పగింతల దగ్గర ఇదే డోలు బాగా తగ్గిపోవాలి, తల్లి గొంతు మీదకి రాకూడదు. ఎంత గొప్ప విద్వాంసుడి రికార్డయినా సరే, మండపంలో ఏం జరుగుతోందో అది చూడలేదు. మా పనిలో సగం చూడటమే.

పని లేని నెలల్లో చేతికి ఏమవుతుందో కూడా అప్పుడే బాగా అర్థమైంది. కుడిచేతి వేళ్ళకి తొడుగులు, ఎడమచేతిలో పుల్ల. గుడ్డ పేలికని జిగురుపిండితో చుట్టి ఎండబెడితే రాయిలా గట్టిపడే తొడుగులవి. సీజన్‌లో రోజూ గంటల తరబడి వాయిస్తే వేళ్ళు వాటిని తమవి చేసుకుంటాయి. కొన్ని వారాలు మానేస్తే కొత్తగా గుచ్చుకుంటాయి. వానాకాలం చెమ్మకి మూతలు వదులవుతాయి, వాయించని డోలు బిగువు తప్పుతుంది. వీటికంటే లోతుగా తగిలే దెబ్బ లయకి. వేగం తొందరగానే తిరిగొస్తుంది. నెమ్మదిగా, ఒకే నడకలో, కాలప్రమాణం చెదరకుండా వాయించే నిలకడకి మాత్రం చాలా కాలం పడుతుంది. అది పక్కన సన్నాయి ఉంటేనే పదునెక్కే గుణం. ఊపిరి తీసుకోవడానికి సన్నాయి ఊదేవాడు ఆగిన చోట డోలు ఆ ఖాళీని పట్టుకుని, అతను తిరిగి అందుకునేదాకా నిలబెట్టాలి. ఒంటరి గదిలో ఎవరి ఊపిరి కోసం ఆగాలి?

పైగా డోలు నాలుగు గోడల మధ్య వాయించే వాద్యం కాదు. పనస కర్రతో చేసిన ఆ పీపా గుడి ప్రాకారానికీ, ఊరేగింపుకీ పుట్టింది. పక్కింట్లో జ్వరంతో పడుకున్నవాళ్ళుండగా దాన్ని మోగించడం నా వల్ల కాలేదు. చెక్క పీట మీద పుల్లతో కొట్టుకున్నాను. ఎక్కువగా జతులు నోటితో చెప్పుకున్నాను. వాయించడానికి ముందు చెప్పడం రావాలని మా గురువుగారు చిన్నప్పుడు ఎందుకంత పట్టుబట్టారో, నెలల తరబడి నోటితోనే సాధకం చేశాక ఒంట్లోకి దిగింది. నోరు చెప్పలేనిది చెయ్యి శుభ్రంగా పలకదు.

పిల్లలకి ఫోన్‌లో పాఠం చెప్పాల్సి వచ్చింది. వీడియో కాల్ మనిషి గొంతు కోసం తయారైన సౌకర్యం. డోలు దెబ్బని అది చప్పుడనుకుని అణిచేస్తుంది. రెండో ఆవర్తనానికల్లా కుర్రవాడి చెయ్యి కదులుతుండేది గానీ మోత వినబడేది కాదు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కనుక నేను వేసే తాళం మీద వాడు వాయించడం కుదరదు. అందుకే వాడు తన తాళం తానే వేసుకుని, జతి చెప్పి, వాయించి, రికార్డు చేసి పంపేవాడు. నేను విని చెప్పేవాణ్ణి. పద్ధతి కష్టమైనదే. కానీ గురువు తాళాన్ని ఆనుకుని నిలబడే అలవాటున్న పిల్లలు తమ కాళ్ళ మీద నిలబడ్డారు. ఆ ఒక్క మేలు నేను ఇప్పటికీ వదలకుండా, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేటప్పుడు కూడా వారానికొక పాఠం వాళ్ళ తాళం మీదే వాయించమంటున్నాను.

ఇంటి సంగతి చెప్పకుండా చేతి సంగతి చెప్పడం న్యాయం కాదు. తెలుగునాట మేళగాళ్ళలో చాలామంది నాయీ బ్రాహ్మణులు. సీజన్‌లో మేళం, మిగతా రోజుల్లో సెలూన్. లాక్‌డౌన్‌లో రెండూ ఒకే రోజు మూతపడ్డాయి. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ‘జగనన్న చేదోడు’ కింద షాపులున్న నాయీ బ్రాహ్మణులకీ, రజకులకీ, దర్జీలకీ 10,000 రూపాయల చొప్పున అందింది. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించిన డబ్బది. షాపు లేక డోలు మీదే బతికేవాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. అదే రాష్ట్రంలో డప్పు కళాకారులకి ఒక వయసు దాటాక వృత్తి పేరు మీదే పింఛను ఉంది, 2019లో అది నెలకి 3,000. అది డప్పు సాధించుకున్న గౌరవం. దాన్ని చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది: వృత్తి పేరు జాబితాలో ఉంటేనే ఆపదలో సాయం గుమ్మం దాకా వస్తుంది. ఊరూరా మంగళవాద్యం మీద బతికేవాళ్ళ పేర్లు, వాళ్ళు వాయించే సన్నాయితో, డోలుతో సహా నమోదు కావాలి. మా సంఘాలు సన్మానాలకి పెట్టే ఓపికలో సగం ఈ పనికి పెట్టాలి. భద్రాచల రాముడి సన్నిధిలో నాదస్వరం ఊదిన గోసవీడు షేక్ హసన్ గారు 2021లో కన్నుమూశారు. 2022లో పద్మశ్రీ ఆయన పేరు మీద, ఆయన లేకుండా వచ్చింది. ఆ గౌరవానికి మేమంతా చేతులెత్తి మొక్కాం. బతికుండగా నిలబెట్టే ఏర్పాటు దానికి తోడు కావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకీ నాదొక మనవి. మేళానికి ఇచ్చే అడ్వాన్సు ఆ రోజుని మీకోసం అట్టేపెట్టినందుకు ఇచ్చేది. ఆ ముహూర్తానికి మేం ఇంకెవరికీ మాటివ్వం. పెళ్ళి వాయిదా పడితే ఆ మేళాన్నే కొత్త తేదీకి పిలవండి. పిలవలేకపోతే అడ్వాన్సు వెనక్కి అడక్కండి. రేపు మళ్ళీ ఏ కారణానైనా మనుషుల్ని లెక్కపెట్టుకోవాల్సిన రోజొస్తే, పిలవాల్సిన బంధువుల జాబితా రాయకముందే పురోహితుడి పేరు, దాని కిందే మేళం పేరు రాయండి. నలుగురు కుదరకపోతే ఒక సన్నాయి, ఒక డోలు చాలు. ఇద్దరం వచ్చి, మాస్కు కట్టుకుని, దూరంగా కూర్చుని వాయిస్తాం. మీ అమ్మాయి పెళ్ళి క్షణాన్ని కళ్ళారా చూసి గట్టిమేళం అందుకునే మనిషి మీ ఇంట్లో ఉండాలి.