ఆ సాయంకాలము ఏమి జరిగినది?

మనుష్యుడు తన ప్రాణమును తానే తీసికొన్నపుడు గ్రామమునకు వచ్చిన పోలీసులు శవపంచనామా వ్రాయుదురు. ఆ కాగితము మీది మాటలే సంవత్సరాంతమునకు ఢిల్లీ చేరి, జాతీయ నేర గణాంక సంస్థవారి పట్టికలలో ఒక్కొక్క మరణమునకు ఒక్కొక్క కారణముగా స్థిరపడును. 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరనియు, వారిలో కుటుంబ సమస్యలచే మరణించినవారు నూటికి 31.7 మంది కాగా, మద్యము, మాదకద్రవ్యముల వ్యసనముచే మరణించినవారు 6.8 మంది మాత్రమేననియు ఆ పట్టిక చెప్పుచున్నది. జమ్మికుంట చుట్టుపట్ల పల్లెలలో ఇట్టి ఇండ్ల గడప తొక్కి, పోయినవారి కడపటి దినములను గూర్చి అడిగి వ్రాసికొనుట పనిగా పెట్టుకొన్న నాకు ఈ విభజనమునందు విశ్వాసము కుదరలేదు. పత్తి ధర పడిపోయి, వడ్డీ పెరిగి, ఆ దిగులున తాగి, తాగి వచ్చినందుకు ఇంట మాటామాటా పెరిగి, ఆ రాత్రియే మరణించినవానిని ఏ గడిలో వేయవలెను? కుటుంబ కలహమని వ్రాసినచో తాగుడు మరుగునపడును. తాగుడని వ్రాసినచో అప్పు మరుగునపడును.

మా ప్రాంతమువారు ఆపదలో పరుగెత్తునది వరంగల్లులోని ఎం.జి.ఎం. ఆసుపత్రికి. 1997 మొదలు 2002 వరకు ఆరేండ్లలో పురుగుమందు విషముతో అచ్చట చేరిన 8,040 మందిని గూర్చి 2005లో వెలువడిన పరిశోధనను నేను పలుమార్లు చదివినాను. నూటికి 22.6 మంది దక్కలేదు. 2002 నాటి వివరములను బట్టి మూడింట రెండు వంతులవారు ముప్పది యేండ్లు నిండనివారు, నూటికి 96 మంది తామై తీసికొన్నవారు. ఇంతటి లెక్క తీసిన వైద్యులకు ఈ జిల్లాలు ఋణపడియున్నవి. కాని అత్యవసర వార్డులో రోగి శ్వాస నిలుపుటకు పెనగులాడు వైద్యునికి, ఇతడు ఎంత తాగినాడు, ఎప్పుడు తాగినాడు, ఎవరితో తాగినాడు అని విచారించు తీరిక ఎక్కడిది? ఆ విచారణ ఇంటివద్ద జరుగవలసినదే.

పోయినవాని మనఃస్థితిని బ్రతికియున్నవారి జ్ఞాపకముల నుండి తిరిగి నిర్మించు పద్ధతిని 1950 దశకమున లాస్ ఏంజెలస్‌లో ఎడ్విన్ ష్నైడ్‌మన్ ప్రభృతులు ఏర్పరచిరి. చెన్నైలో లక్ష్మీ విజయకుమార్, రాజ్‌కుమార్ గారలు మరణించిన నూరుగురిని సజీవులైన మరి నూరుగురితో పోల్చి 1999లో ఫలితములను ప్రకటించిరి. పోలిక లేనిదే ఈ శాస్త్రము లేదు. పోయినవాడు తాగువాడని తెలిసినంతమాత్రమున ఏమియు తెలియదు, ఆ వాడలోనే తాగి నిశ్చింతగా నిదురించువారు ఎందరో తెలిసినపుడే తెలియును. ఇంతకంటె సూక్ష్మమైనది, 1991లో మాల్కమ్ మాక్లూర్ ప్రతిపాదించిన మార్గము: మనిషిని మరియొకనితో గాక తనతోనే పోల్చుట. ఆత్మహత్యకు యత్నించి బ్రతికినవానిని, ఆ పనికి ముందటి ఆరు గంటలలో తాగితివా, కిందటి వారము ఇదే దినమున, ఇదే వేళ తాగియుంటివా అని అడుగుదురు. స్వభావము, పేదరికము, పెరిగిన తీరు రెండు వేళలయందును ఒక్కటే గదా! 2017లో బోర్గెస్ బృందమువారు అనేక అధ్యయనములను కూర్చి చూడగా, తాగియున్న వేళ ఆ యత్నమునకు అవకాశము దాదాపు ఏడు రెట్లనియు, మిక్కుటముగా తాగినపుడు ముప్పదియేడు రెట్లనియు తేలినది. ఏ దుఃఖము తాగించినదో ఆ దుఃఖమే చావునకును పురికొల్పియుండవచ్చునను సందేహము పూర్తిగా తీరలేదు. అయినను తాగిన కొలది ప్రమాదము ఇంతగా పెరుగుట చూచిన పిదప, పరిశోధకుడు అడుగవలసినది అలవాటును గూర్చి మాత్రమే కాదు, ఆ వేళను గూర్చి యని నా దృఢాభిప్రాయము.

ఆ వేళను రాబట్టుట సులభము కాదు. దినవారములు ముగిసి కొన్ని నెలలైన పిదపనే వెళ్ళుదును. పిల్లల చదువు, చేను సంగతి మాట్లాడిన తరువాతనే అసలు విషయమునకు వత్తును. "తాగుతుండెనా, చెల్లె?" అని సూటిగా అడిగినచో "లేదు సారూ, మంచోడు" అను సమాధానమే వచ్చును, పోయినవాని పరువును కాపాడుకొను ప్రేమ అది. కల్లు తాగువాడు తాగువారి లెక్కలోనికే రాడు. "కల్లే గద సారూ, మందు ముట్టెటోడు కాదు" అందురు. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలమ్ కలిపి అమ్ముట ఉత్తర తెలంగాణమున ఎరుగనివారు లేరు. కావున కల్లని వ్రాసినంతనే లోపల ఏమి పోయినదో వ్రాసినట్లు కాదు. తేదీలు ఎవరికిని జ్ఞాపకముండవు. పత్తి జమ్మికుంట మార్కెట్టుకు తోలిన నాడా, అంగడి నాడా అని అడిగినచో ఆ సాయంకాలమంతయు కన్నులకు కట్టినట్లు చెప్పుదురు. "రోజు తాగుడే సారూ, గని ఆ దినం బెల్టు షాపుల ఒక్కడే కూసుండి తాగిండట" అని ఒక ఇల్లాలు చెప్పినది. ఒంటరిగా తాగుటకు నా ఫారములో గడి లేదు. కాగితపు అంచున వ్రాసికొంటిని.

ప్రయోగశాలయు అన్నిటిని తీర్చజాలదు. వేసవిలో శవపరీక్ష ఆలస్యమైనచో, కుళ్ళుట వలననే రక్తమున ఆల్కహాలు పుట్టును. అందులకే రక్తమును సోడియం ఫ్లోరైడ్ కలిపి భద్రపరతురు, కంటిలోని ద్రవమును గూడ పరీక్షింతురు.

ఒక్కొక్క మరణమును విడిచి, దేశమంతటను మద్యము తగ్గినపుడు ఏమగునో చూతము. 1985లో గోర్బచేవ్ మద్యమును కట్టడి చేసినపుడు సోవియట్ దేశమున ఆత్మహత్యలు తగ్గి, కట్టుబాటు సడలగా మరల పెరిగినవి. మన నేలయందు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సాగించిన సారా వ్యతిరేకోద్యమము 1995 నాటి మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో అది సడలినది. ఆ యేండ్ల పంచనామాలను ఊరూరను వెదకి తీసి, ఈ దృష్టితో చదువ పూనుకొను యువకులు కావలెను.

శ్రీలంక పల్లెలలో విషము తీసికొని బ్రతికినవారిని అడుగగా, సగమునకు పైగా ఆ తలపు పుట్టిన అరగంటలోపుననే ఆ పని చేసితిమని చెప్పిరి. కావున, పాఠకులారా, దిగులుతో తాగియున్నవానిని ఆ రాత్రి ఒంటరిగా విడువకుడు. తగవును రేపటికి వాయిదా వేయుడు. పురుగుమందును ఇంట ఉంచకుడు. పంచనామా వ్రాయు అధికారులు ఆ దినపు తాగుడును గూర్చి ఒక్క వాక్యము అదనముగా వ్రాయింతురుగాక. ప్రభుత్వమువారి టెలీ మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను, ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.